నిరీక్షణకు లెక్క చెప్పు తెరలు: ఖరగ్‌పూరు కేంద్రముగా ఒక సమీక్ష

కార్యాలయమునకుగాని, వైద్యశాలకుగాని, రైలు స్టేషనునకుగాని పనిమీద పోయిన మనుష్యుడు అచ్చట గడపు కాలములో పని జరుగు నిమిషములు కొన్నియే. తక్కిన కాలమంతయు తన వంతు ఎప్పుడు వచ్చునో యని ఎదురుచూచుటలోనే వ్యయమగును. ఈ ఎదురుచూపును క్రమబద్ధము చేయుటకై గడచిన పాతిక సంవత్సరములలో టోకెను యంత్రములు, వంతు సంఖ్యలను వెలిగించు తెరలు, బండ్ల రాకపోకలను తెలుపు విద్యుత్ఫలకములు, చేతిలోని ఫోనునకే వార్త పంపు ఏర్పాటులు దేశమంతట వ్యాపించినవి. ఇవి నిరీక్షణను నిజముగా తగ్గించినవా, తగ్గింపనిచో ప్రజలకు వీనివలన ఒనగూడిన మేలెట్టిది, అవి ఏ పరిస్థితులలో సఫలమై ఏ పరిస్థితులలో విఫలమైనవి అను విషయములను శాస్త్రజ్ఞుల పరిశోధనల వెలుగునను, మన ప్రజల అనుభవము వెలుగునను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ పరిశీలనకు పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు పట్టణమును కేంద్రముగా గ్రహించుటకు కారణము కలదు. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో వాల్తేరు నుండి కటకము వైపు పోవు తూర్పుతీరపు మార్గమును తనలో కలుపుకొనుటతో, ఉత్తరాంధ్ర గ్రామములకును ఖరగ్‌పూరునకును ఒకే కంపెనీ పట్టాలు ఏర్పడినవి. ఆ పట్టాల వెంబడి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల శ్రామికులు కుటుంబములతో తరలివచ్చి, వర్క్‌షాపులోను, లోకో షెడ్డులలోను, పట్టాల మరమ్మతులలోను కుదురుకొనిరి. 1944లో కంపెనీ ప్రభుత్వ పరమై, 1955 ఆగస్టులో ఆగ్నేయ రైల్వేగా రూపొందిన తరువాతను ఆ కుటుంబములు ఓల్డ్ సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు, మథురాకాటి, నింపురా మొదలగు పేటలలో తరతరములుగా నిలిచినవి. కావున ఈ ఊరి తెలుగువాడు కౌంటరునకు ఇరువైపులను ఎరిగినవాడు. లోపల కూర్చుండి టిక్కెట్టు కోసి ఇచ్చినవాని కుమారుడే బయట వరుసలో నిలిచి టిక్కెట్టు కోరుచున్నాడు. ఒకప్పుడు బండ్లను నడిపినవాడే నేడు పింఛనుదారుడై రైల్వే ఆసుపత్రిలో మందులచీటీకై వేచియున్నాడు. నిరీక్షించువాని బాధయు, సేవచేయువాని ఇబ్బందియు ఒకే ఇంట తెలిసియున్న పట్టణమున ఈ ప్రశ్నను విచారించుట ఉచితము.

మొదట ప్లాట్‌ఫారమును చూతము. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము 1072.5 మీటర్ల దీర్ఘత కలిగి బహుకాలము ప్రపంచమున అగ్రస్థానము వహించినది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. ఈ నిడివి పట్టణవాసులకు గర్వకారణమే యైనను ప్రయాణికునకు పరీక్ష. సామాన్యుడు నిమిషమునకు ఎనుబది మీటర్లు నడచుననుకొన్నచో ఆ కొన నుండి ఈ కొనకు సుమారు 13 నిమిషములు పట్టును. చంకన బిడ్డయు చేత పెట్టెయు ఉన్న తల్లి, వృద్ధులైన అత్తమామలను వెంటబెట్టుకొని సంక్రాంతికి శ్రీకాకుళము పోవు గృహస్థు, తమ రైలుపెట్టె ఎచ్చట ఆగునో తెలియక ఒక కొనలో నిలిచి, బండి వచ్చిన పిదప రెండవ కొనకు పరుగిడవలసివచ్చినచో, కొలది నిమిషములు మాత్రమే ఆగు బండి వారికొరకు నిలువదు. రైలుపెట్టె సంఖ్యను ముందుగా వెలిగించి చూపు చిన్న ఫలకము ఇచ్చట అలంకారము కాదు, ప్రాణరక్షకము. ఆ ఫలకము నిరీక్షణలో ఒక్క నిమిషమునైనను తగ్గింపదు. నిరీక్షించు చోటును మాత్రము నిర్ణయించును. తెరల ప్రయోజనమును గూర్చి ఈ వ్యాసమున చెప్పదలచిన మాటకు ఇదియే మూలము: తెర కాలమును సృష్టింపజాలదు, కాలమును గూర్చిన సత్యమును మాత్రమే చెప్పగలదు, ఆ సత్యము చెప్పినంతవరకే దానికి విలువ.

వరుసల గణితమునకు ఆద్యుడు ఎర్లాంగ్ అను డేనిష్ గణితవేత్త. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, ఎన్ని తంతులున్నచో ఎంతమంది ఎంతసేపు వేచియుండవలసివచ్చునను ప్రశ్నపై అతడు 1909లో తొలి పత్రమును ప్రకటించెను. ఆతని మార్గమున లెక్కించినచో ఒక విశేషము తేటపడును. ఒక కౌంటరులో ఒక్కొక్కరికి సగటున నాలుగు నిమిషములు పట్టుననుకొందము. అనగా గంటకు 15 మందికి పని జరుగును. వచ్చువారును పని ముగియు వేళలును ఒక నియమము లేక మారుచుండునపుడు, గంటకు 10 మంది వచ్చినచో వరుసలో సగటు నిరీక్షణ 8 నిమిషములు. 12 మంది వచ్చినచో 16 నిమిషములు. 14 మంది వచ్చినచో 56 నిమిషములు. వచ్చువారు 10 నుండి 14కు పెరిగినది నలుగురే. నిరీక్షణయో ఏడు రెట్లయినది. కౌంటరు తన పూర్ణశక్తికి సమీపించినకొలది బారు కొండవలె పెరుగుట సహజధర్మము. అందులో గుమాస్తా సోమరితనముగాని, ప్రజల తొందరగాని కారణము కానక్కరలేదు. ఇట్టి స్థితిలో గోడకు ఎంత పెద్ద తెరను తగిలించినను 56 నిమిషములు 55 కావు.

1961లో అమెరికా పండితుడు జాన్ లిటిల్ నిరూపించిన సూత్రము మరింత సులభము: హాలులో ఉన్న జనసంఖ్య, గంటకు లోనికి వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు లోపల గడపు సగటు కాలముతో గుణింపగా వచ్చు ఫలమునకు సమానము. గంటకు 15 మంది వచ్చి పోవు హాలులో ఎల్లప్పుడు 30 మంది కనబడుచున్నచో, ఒక్కొక్కరు రెండు గంటలు గడపుచున్నారని ఎవరిని అడుగకయే చెప్పవచ్చును. తెర వెనుకనున్న యంత్రము టోకెను ఇచ్చిన క్షణమును, పిలిచిన క్షణమును లిఖించుచుండును గనుక ఈ లెక్క అధికారికి ప్రతిదినము సిద్ధముగా నుండును.

తెరలవలన నిరీక్షణ నిజముగా తగ్గు మార్గము కూడ ఒకటి గలదు. రెండు కౌంటర్లకు రెండు వేర్వేరు బారులుండి, ఒక్కొక్కదానికి గంటకు 12 మంది వచ్చినచో సగటు నిరీక్షణ 16 నిమిషములని చెప్పితిమి. ఆ ఇరువది నలుగురిని ఒకే వరుసగా చేర్చి, ఏ కౌంటరు ఖాళీ అయిన దానికి తరువాతివానిని పంపినచో సగటు నిరీక్షణ 7 నిమిషములకు దిగును. గుమాస్తాలు వారే, జనము వారే, పని అదియే; సగము కంటె ఎక్కువ కాలము మిగిలినది. ఏలయన వేరు బారులున్నపుడు ఒక కౌంటరు ఊరక ఉండగా ప్రక్క బారులో జనము నిలిచియుండుట జరుగును. ఒకే వరుసలో అట్టిది జరుగదు. జనమును త్రాళ్ళ నడుమ మెలికలు త్రిప్పి నిలుపకయే, కూర్చుండనిచ్చి, ఈ ఒకే వరుసను నడుపుటకు టోకెనును తెరయు సాధనములైనవి. అంతకంటె విశేషమైన ఫలము న్యాయము: పిమ్మట వచ్చినవాడు ప్రక్క బారులో తనకంటె ముందు పోవుటను చూచు కష్టము ఇందులేదు.

ఇక మనస్సు విషయము. 1985లో డేవిడ్ మైస్టర్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, ఊరక ఉన్న కాలము పనిలో ఉన్న కాలముకంటె దీర్ఘముగా తోచుననియు, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటె దుస్సహమనియు, కారణము చెప్పని ఆలస్యము, అన్యాయమని తోచిన ఆలస్యము మరింత భారమనియు సూత్రీకరింపబడెను. ఈ సూత్రములను తరువాతివారు పరీక్షకు పెట్టిరి. 1991లో కాట్జ్, లార్సన్ అను పరిశోధకులు బోస్టన్ నగరపు బ్యాంకు శాఖలో వార్తాఫలకమును, నిరీక్షణ కాలమును చూపు గడియారమును అమర్చి ఫలితములను ప్రకటించిరి. వార్తాఫలకము నిరీక్షణను ఆసక్తికరము చేసినది; గడియారము జనుల అంచనాలను సరిదిద్దినదేగాని సంతృప్తిని చెప్పుకొనదగినంతగా పెంచలేదు. 1996లో హుయి, ట్సే అను వారు మరియొక సూక్ష్మమును వెలికితీసిరి: స్వల్ప నిరీక్షణలో ఏ సమాచారమిచ్చినను భేదము లేదు, మధ్యస్థమైనదానిలో ఇన్ని నిమిషములని చెప్పుట మేలు, మిక్కిలి దీర్ఘమైనదానిలో నిమిషములను చెప్పుటకంటె వరుసలో తన స్థానము ముందునకు జరుగుచున్నదని చూపుట మేలు. 1999లో వార్డ్ విట్ అను గణితవేత్త, నిరీక్షణ ఎంతయో ముందే చెప్పినచో, వేచియుండలేనివారు సగము కాలము వ్యర్థము చేసికొని విసిగి పోవుటకు మారుగా మొదటనే మరలిపోవుదురనియు, దానివలన ఉన్నవారికి మేలు కలుగుననియు నిరూపించెను. వీనినన్నిటిని కలిపి చూచినచో, తెరపై ఏమి వ్రాయవలెనను ప్రశ్నకు ఒకే సమాధానము అన్నిచోట్ల చెల్లదని స్పష్టము. టిక్కెట్టు కౌంటరు వద్ద నిమిషములు చెప్పవలెను. పూటంతయు సాగు వైద్యశాల ఓ.పి.లో వంతు కదలికను చూపవలెను.

మనదేశమున టోకెను క్రొత్తది కాదు. బ్యాంకులలో చెక్కు ఇచ్చినవానికి అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ నిచ్చి, డబ్బు సిద్ధమైనపుడు గుమాస్తా ఆ అంకెను కేక వేసి పిలుచు పద్ధతి చిరకాలము నడచినది. విద్యుత్ఫలకముతో కూడిన వరుస పద్ధతిని ప్రభుత్వసేవలలో తెలుగువారికి పరిచయము చేసినది 2001 ఆగస్టులో హైదరాబాదులో ఆరంభమైన ఈసేవ. అంతకుముందు విద్యుత్తు బిల్లునకు ఒకచోట, నీటి బిల్లునకు వేరొకచోట నిలిచిన గృహస్థు, ఏ కౌంటరులోనైనను ఏ బిల్లునైనను చెల్లింపగలిగెను. గణితము చెప్పిన ఒకే వరుస సూత్రమునకు ఈసేవ సజీవమైన ఉదాహరణము. అచ్చటి మేలు తెరవలన మాత్రమే కలిగినది కాదు, ప్రతి కౌంటరు ప్రతి పనిని చేయగల సామర్థ్యమును సంపాదించుటవలన కలిగినది. 2010 నుండి వచ్చిన పాస్‌పోర్టు సేవాకేంద్రములలో ఒకే టోకెను ఎ, బి, సి అను మూడు అంచెల గుండా మనుష్యుని వెంట నడచును. పత్రముల స్వీకారము, పరిశీలన, మంజూరు ఒకదాని తరువాత ఒకటి జరుగుచుండగా ఏ అంచెలో ఏ కౌంటరునకు పోవలెనో తెర చెప్పుచుండును. 2022 అక్టోబరులో ఢిల్లీ ఆసుపత్రులలో ఆరంభించిన స్కాన్ అండ్ షేర్ పద్ధతిలో రోగి ఆసుపత్రిలో ఉంచిన సంకేతచిత్రమును (క్యూ.ఆర్. కోడును) తన ఫోనుతో స్కాను చేసి ఓ.పి. నమోదుకు టోకెను పొందును. ఇది పిమ్మట ఇతర రాష్ట్రములకును వ్యాపించినది.

రైల్వేలో అతిదీర్ఘమైన వరుస కంటికి కనబడనిది. అది వెయిటింగ్ లిస్టు. 1980ల నడుమ ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ఆరంభమై, 1999 నాటికి దేశములోని ప్రధానకేంద్రములు ఒకే వలలో చేరగా, ఖరగ్‌పూరు కౌంటరులో నిలిచి విజయనగరము నుండి తిరుగుప్రయాణపు టిక్కెట్టు కొనుట సాధ్యమాయెను. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. ఇంటర్నెటు టిక్కెట్లు ఆరంభించుటతో కౌంటరు బారు కొంత తగ్గినది. కాని వరుస నశింపలేదు, గోడల నుండి జాబితాలోనికి మారినది. ఆ జాబితాలో తన సంఖ్య ఇంత యని తెలిసినను అది దక్కునో దక్కదో తెలియదు. ఒక కోటాలోని పదవ సంఖ్యకును, వేరొక కోటాలోని పదవ సంఖ్యకును ఫలము ఒకటి కాదు. స్థానమును మాత్రమే చెప్పి భవిష్యత్తును చెప్పని ఈ సంఖ్యకు తోడుగా 2018లో దక్కు అవకాశమును అంచనా కట్టి చూపు ఏర్పాటు వచ్చినది. 2025లో, బండి బయలుదేరుటకు నాలుగు గంటల ముందు తయారగు రిజర్వేషను చార్టును ఎనిమిది గంటల ముందే తయారుచేయునట్లు రైల్వే నిర్ణయించినది. దీనివలన ఒక్క బెర్తు కూడ పెరుగలేదు; ఐనను లేదను మాట నాలుగు గంటలు ముందుగా తెలిసిన గృహస్థు ఇంకొక త్రోవ చూచుకొనగలడు. మేలుగల సమాచారము యొక్క లక్షణమిదియే: విన్నవానికి ఏదో యొకటి చేయుటకు వ్యవధి నిచ్చుట.

తిరుమలలో వైకుంఠము క్యూ కాంప్లెక్సులలో భక్తులను కంపార్టుమెంట్లలో కూర్చుండబెట్టి క్రమముగా వదలుట తెలుగువారందరెరిగినదే. 2017 డిసెంబరులో సర్వదర్శనమునకు కూడ కాలము నిర్ణయించిన టోకెన్లను ప్రయోగాత్మకముగా ఆరంభించిరి. నిర్ణీతవేళకు వచ్చిన చాలునన్నచో తక్కిన కాలము భక్తునికి మిగులును. కాని టోకెను నిచ్చు చోటనే మరియొక వరుస పుట్టునను సత్యమును 2025 జనవరి 8న తిరుపతి ఘోరముగా తెలిపినది. వైకుంఠ ద్వార దర్శనపు టోకెన్లకై గుమిగూడిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. దర్శనపు వరుసను క్రమబద్ధము చేసిన వ్యవస్థ, దానికి ముందున్న వరుసను గమనింపవలసినంతగా గమనింపలేదు. ఏ ఏర్పాటునైనను తూచునపుడు అది తొలగించిన వరుసతో పాటు అది క్రొత్తగా పుట్టించిన వరుసను కూడ లెక్కింపవలయును.

ప్రకటనలోని అస్పష్టతయు అట్లే ప్రాణాంతకము కాగలదు. ఖరగ్‌పూరు డివిజనులోనిదే యైన సాంత్రాగాచి స్టేషనులో 2018 అక్టోబరు 23న బండ్లు దాదాపు ఏకకాలమున రాగా, పాదచారుల వంతెనపై ఎదురెదురుగా క్రమ్ముకొన్న జనము నడుమ నలిగి ఇరువురు మృతులైరి. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషనులో 18 మంది మరణించిన దుర్ఘటన అనంతరము, ప్రయాగరాజ్ పేరును పంచుకొన్న రెండు బండ్లను గూర్చిన ప్రకటనలు కలిగించిన భ్రాంతి విస్తృతముగా చర్చింపబడెను. చివరి క్షణమున ప్లాట్‌ఫారమును మార్చి ప్రకటించినచో, ఆ వార్త సత్యమే యైనను, వేలకొలది జనమును ఒక్కసారి ఇరుకైన మెట్లపైకి త్రోయును. ప్రకటన సత్యమైన చాలదు. సకాలమున రావలెను, సంశయమునకు తావీయరాదు.

ఆసుపత్రి వరుసకు వేరొక ధర్మము గలదు. టిక్కెట్టు కౌంటరు వద్ద ముందు వచ్చినవాడు ముందు పోవుట న్యాయము. వైద్యశాలలో రోగము తీవ్రమైనవాడు ముందు పోవుట న్యాయము. ఖరగ్‌పూరు రైల్వే ఆసుపత్రి వంటిచోట వర్క్‌షాపులో గాయపడి వచ్చిన కార్మికుడు, రక్తపోటు మందులకు వచ్చిన పింఛనుదారుడు, జ్వరముతో ఉన్న శిశువు ఒకే ఆవరణలో చేరుదురు. రైల్వే ఆసుపత్రులలో రైల్‌టెల్ సంస్థ ద్వారా ప్రవేశపెట్టిన కంప్యూటరు వ్యవస్థ రోగుల వివరములను ఒకచోట చేర్చినది. కాని తెరపై 42 తరువాత 43 రావలసియుండగా 57 వెలిగినచో, కారణము తెలియని వృద్ధుడు తనకు అన్యాయము జరిగినదని తలచుట సహజము. అత్యవసర రోగిని లోనికి తీసికొన్నామను ఒక్క వాక్యము తెరపై కనబడినచో ఆతడు సంతోషముగా వేచియుండును. కావున సంఖ్యను చూపుటయే గాక, సంఖ్య తప్పినపుడు కారణమును చూపుట కూడ వైద్యశాలలో తెర చేయవలసిన పని.

భాషా విషయమును ఇచ్చట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. రెండు లక్షలకు మించిన జనాభా గల ఈ పురములోని తెలుగువారి సంఖ్యను దృష్టియందుంచుకొని పశ్చిమ బెంగాలు మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిర్ణయించినది. ఈ గౌరవము ప్రభుత్వపత్రములకు పరిమితము కాక, గోడమీది తెరకును దిగిరావలెను. పాఠశాలలో బెంగాలీయో హిందీయో చదివిన యువకునకు ఇబ్బంది లేదు; కాని పల్లె నుండి కోడలిగా వచ్చి ఇంటనే జీవితము గడపిన వృద్ధ స్త్రీకి తెలుగక్షరము తప్ప వేరొండు అందదు. అంకెలు మాత్రమే చూపు ఫలకములలో ఈ చిక్కు తక్కువ. మాటలు చూపునపుడు సాంకేతిక సమస్య యొకటి వచ్చును. ఆంగ్లాక్షరములకు సరిపోవు కొద్దిపాటి చుక్కల వరుసలలో మన తలకట్టు, గుడి, వత్తులు ఇమడవు. క్రిందను మీదను చోటు చాలక అక్షరములు విరిగి కనబడును. నేటి పెద్ద తెరలకు ఈ అడ్డంకి లేదు. యూనికోడులో తెలుగు 1991 నుండియే ఉన్నది. కావున నేడు కావలసినది యంత్రశక్తి కాదు, పాలకుల సంకల్పము. చదువరానివారికిని చూపు మందగించినవారికిని తెర మూగది గనుక, తెలుగులో స్పష్టమైన కంఠప్రకటన దానికి తోడు కావలయును.

ఈ పద్ధతులపై వచ్చు ఆక్షేపణలలో రెండు గట్టివి. ఫోనుద్వారా వంతు పొందు ఏర్పాటు ఫోను లేనివానిని, ఉండియు వాడనేరనివానిని వెనుకకు నెట్టునన్నది మొదటిది. ఇది సత్యము, ఇంటనుండియే యాభైమంది వంతులు తీసికొనగా, తెల్లవారుజామున స్వయముగా వచ్చిన కూలివాడు యాభైయొకటవవాడగుట న్యాయము కాదు. ప్రతిదినము కొన్ని వంతులను నేరుగా వచ్చినవారికై విడిగా ఉంచుట దీనికి తగిన పరిహారము. తెర వచ్చినదను నెపమున గుమాస్తాలను తగ్గించుటయు, వంతు సంఖ్య వెలుగవలసిన చోట వ్యాపార ప్రకటనలను నింపుటయు జరుగుననునది రెండవది. గంటకు 14 మంది వచ్చుచోట కౌంటరు శక్తిని 15 వద్దనే నిలుపుటవలన ఏమగునో పైన చూచితిమి. అట్టిచోట తెరకు వెచ్చించిన సొమ్ము రెండవ కౌంటరునకు వెచ్చించుట శ్రేయస్కరము.

ఈ సమీక్షవలన తేలిన నిర్ణయమును స్పష్టముగా చెప్పవలెను. తెర రెండు దిక్కుల సత్యము చెప్పవలసినది. ప్రజల వైపు, నీ స్థానమిది, నీకు పట్టు కాలమిది, ఇప్పుడు పనిచేయుచున్న కౌంటర్లు ఇన్ని యని వారికి తెలిసిన భాషలో చెప్పవలెను. అధికారుల వైపు, ఏ దినమున ఏ గంటలో ఎందరు ఎంతసేపు వేచియుండిరో చెప్పవలెను. మొదటి పని అన్నిచోట్ల కొంతవరకు జరుగుచున్నది. రెండవదానిని నిర్లక్ష్యము చేయుటయే నేటి ప్రధానలోపము. యంత్రములో ప్రతిదినము చేరు ఆ లెక్కను నెలకొకమారు అదే తెరపై ప్రజలకు చూపి, పింఛను దినములలోను, సంక్రాంతి దసరాలకు ముందు రిజర్వేషను కాలములోను అదనపు కౌంటర్లను ఆ లెక్కననుసరించి తెరచు నియమమును పెట్టినచో, నిరీక్షణ నిజముగా తగ్గును. ఖరగ్‌పూరులో దీనికి కావలసిన వస్తువులన్నియు సిద్ధముగా ఉన్నవి: శతాబ్దమునకు పైగా బండ్ల వేళలను క్షణములతో లెక్కించిన రైల్వే యంత్రాంగము కలదు, 1951లో హిజిలీలో నెలకొని గణితమును యంత్రశాస్త్రమును బోధించుచున్న ఐ.ఐ.టి. కలదు, కౌంటరునకు ఇరువైపుల కష్టమును ఎరిగిన జనులు కలరు. బండి ఎన్ని నిమిషములు ఆలస్యమైనదో ప్రతిదినము లిఖించు సంస్థ, మనుష్యుడు ఎన్ని నిమిషములు వేచియుండెనో కూడ అంతే శ్రద్ధతో లిఖించి, దానికి జవాబుదారీ వహింపవలెనని కోరుట అత్యాశ కాదు. అది పౌరుని హక్కు.